పాత కారు స్టీరియోకి ఫోను, ఎంపీ3 ప్లేయర్ కలపడం ఎలా? ఛార్జింగ్ పెడితే గీ మని మోత వస్తోంది

నెల్లిమర్ల_నాని:
అందరికీ నమస్కారం. ఈమధ్యే ఒక చిన్న కారు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం, 2010 మోడల్. కంపెనీ బిగించిన స్టీరియోనే ఇంకా ఉంది. రేడియో, సీడీ, ముందు వైపు ఒక ఆక్స్ రంధ్రం (ఇయర్‌ఫోన్ పిన్ లాంటిది గుచ్చే చోటు), అంతే. యూఎస్‌బీ లేదు, బ్లూటూత్ లేదు. నేను రోజూ విజయనగరం నుంచి నాతవలస మీదుగా హైవే ఎక్కి శ్రీకాకుళం వెళ్లి వస్తాను, వారాంతాల్లో నాన్నగారు కూడా వస్తారు. ఆయన దగ్గర ఒక పాత ఎంపీ3 ప్లేయర్ ఉంది. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న వయొలిన్ కచేరీలు, హరికథలు, ఘంటసాల పద్యాలు అన్నీ అందులోనే ఉన్నాయి, అది తప్ప వేరేది ముట్టుకోరు. దాని బ్యాటరీ బలహీనపడింది కాబట్టి ఛార్జింగ్‌లో పెట్టే వినాలి. ఆక్స్ వైరు కలిపి సిగరెట్ లైటర్ ఛార్జర్‌కి పెడితే పాట వెనక గీ మని సన్నటి మోత. ఎక్స్‌లేటర్ తొక్కితే మోత కూడా పైకి వెళ్తుంది, వదిలితే దిగుతుంది. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ పెడితే నెమ్మదిగా వాయించే చోట ఆ మోతే ముందు వినిపిస్తోంది, నాన్నగారు ఒక్క నిమిషం విని ఆపేయమంటున్నారు.

రెండోది, నా ఫోనుకి ఇయర్‌ఫోన్ రంధ్రం లేదు, టైప్-సి ఒక్కటే. దాన్ని ఈ స్టీరియోకి ఎలా కలపాలి? షాపులో అడిగితే సెట్టు మొత్తం మార్చేయాలి, వేరే దారి లేదన్నారు. నిజంగా లేదా?

పలాస_ట్యాక్సీ:
తమ్ముడూ, ఎఫ్ఎం మోడ్యులేటర్ తీసుకో. లైటర్ సాకెట్‌లో పెడతావు, ఫోను బ్లూటూత్‌తో దానికి కలుస్తుంది, రేడియోలో అదే నంబరు పెడితే పాట వచ్చేస్తుంది. ఫోను ఛార్జింగ్ కూడా దాంట్లోనే. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాకా నా బండికి ఏ ఇబ్బందీ లేదు. భోగాపురం దాటి విశాఖ వైపు వెళ్తే మాత్రం స్టేషన్లు మీద పడిపోతాయి, అప్పుడు నంబరు మార్చుకోవాలి.

సిక్కోలు_సౌండ్:
పలాస అన్నా, ఆక్స్ లేని బండికి మీరు చెప్పింది మంచి దారే. కానీ నాని గారి సెట్టుకి ఆక్స్ ఉంది. ఉన్న వైరు దారి వదిలేసి పాటని గాల్లోకి పంపి మళ్లీ పట్టుకోవడం ఎందుకు? మోడ్యులేటర్ అనేది 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య నడిచే చిన్న రేడియో స్టేషన్, దాని బలం కొన్ని అడుగుల వరకే. అదే నంబరు మీద అసలు స్టేషన్ ఏదైనా ఉంటే అది దీన్ని నొక్కేస్తుంది. పైగా ఎఫ్ఎంలో స్టీరియో ధ్వని 15 కిలోహెర్ట్జ్ దాకానే వెళ్తుంది, వెనక సన్నగా బుస ఎప్పుడూ ఉంటుంది. డప్పు పాటలకి ఆ బుస తెలియదు. నాన్నగారు వినేది ఒంటరి వయొలిన్, ఆ కమాను తీగ మీద నెమ్మదించే చోటే కదా మనసు నిలిచేది. అక్కడ బుస ఉంటే ఇక వినడం ఎందుకు?

మోత సంగతి వైరింగ్ మేస్టారు చెప్తేనే బాగుంటుంది. ఆయన్ని పిలుస్తున్నాను.

రాజాం_పిల్లోడు:
అన్నా ఇంత టెన్షన్ ఎందుకు, ఆండ్రాయిడ్ టచ్ సెట్టు పెట్టించేయ్. మా బావ కారుకి పెట్టారు, మ్యాప్, యూట్యూబ్ అన్నీ వస్తున్నాయి, వెనక కెమెరా కూడా.

ఆమదాలవలస_వైరింగ్:
నాని బాబూ, సెట్టు మార్చక్కర్లేదు. ముందు మోత ఎక్కడినుంచి వస్తోందో పట్టుకుందాం, ఆ తర్వాతే డబ్బు ఖర్చు సంగతి.

ఇలా చెయ్యి. ఇంజన్ ఆన్‌లో ఉంచి, ప్లేయర్‌ని ఆక్స్‌కి కలిపి, ఛార్జర్ వైరు మాత్రం పీకేయి. ఉన్న బ్యాటరీతో రెండు నిమిషాలు నడిస్తే చాలు. మోత ఆగిందా లేదా చూడు. ఆ తర్వాత అదే ప్లేయర్‌ని పవర్ బ్యాంక్‌కి తగిలించు, ఆ పవర్ బ్యాంక్ కారు ఛార్జర్‌కి తగిలి ఉండకూడదు, అది ముఖ్యం. మళ్లీ ఎక్స్‌లేటర్ తొక్కి విను. ఆఖరున ప్లేయర్ తీసేసి ఆక్స్ వైరు ఒక్కటే సెట్టుకి గుచ్చి, రెండో కొస గాల్లో వదిలేసి విను. కొస నీ వేళ్లకి గానీ బాడీకి గానీ తగలనీయకు. ఈ మూడూ చేసి ఇక్కడ రాయి.

రాజాం తమ్ముడూ, నడిపేవాడి ముందు యూట్యూబ్ అనే మాట నాకు నచ్చలేదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184లో ఫోను చేత్తో పట్టుకుని నడపడాన్ని ప్రమాదకర డ్రైవింగ్ కింద చేర్చారు. తెర పెద్దదైనంత మాత్రాన కళ్లు రోడ్డు మీద ఉండవు కదా. రణస్థలం దగ్గర లారీలు ఎలా మలుపు తీసుకుంటాయో రోజూ చూసేవాళ్లం మనం. పాట ఏదో బండి తీయకముందే పెట్టుకోవాలి.

బొబ్బిలి_వీణ:
నాకూ ఆక్స్‌దే ఒక సమస్య, ఇందులోనే అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ఫోన్ కలిపితే వాయిద్యాలు వస్తున్నాయి, పాడేవాళ్ల గొంతు రావడం లేదు! ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు ప్రతిధ్వని మాత్రం వినిపిస్తోంది. వైరుని కొంచెం బయటికి లాగి పట్టుకుంటే గొంతు వచ్చేస్తుంది, వదిలేస్తే పోతుంది. ఫోను పాడైందేమో అని ఇంట్లో అంటున్నారు. ఇయర్‌ఫోన్లో బాగానే ఉంది మరి.

సిక్కోలు_సౌండ్:
అక్కా, మీ ఫోను బంగారంలా ఉంది. ఇబ్బంది పిన్‌లోనే.

మీ ఆక్స్ పిన్ తీసి వెలుతురులో చూడండి. దాని మీద నల్లటి గీతలు ఎన్ని ఉన్నాయి? రెండు ఉంటే మూడు భాగాల పిన్. కొస ఎడమ స్పీకరుకి, మధ్యది కుడికి, మొదలు ఎర్త్‌కి. మూడు గీతలు ఉంటే నాలుగు భాగాల పిన్, అది మైకు ఉన్న ఇయర్‌ఫోన్ల కోసం చేసింది. ఇప్పటి ఫోన్లలో ఎక్కువగా వాడే పద్ధతిలో మూడో భాగం ఎర్త్, మొదలులో మైకు. పాత కార్ల రంధ్రం మూడు భాగాల పిన్ కోసమే చేసింది కాబట్టి, దాని ఎర్త్ రేకు నాలుగు భాగాల పిన్‌లో మైకు భాగాన్ని తాకుతుంది. ఎర్త్ తెగిపోతుంది.

ఎర్త్ తెగితే గొంతే ఎందుకు పోతుందో చెప్తాను. రికార్డింగులో పాడేవాళ్ల గొంతుని ఎడమకీ కుడికీ సరిసమానంగా పెడతారు, వాయిద్యాలని అటూ ఇటూ పంచుతారు. ఎర్త్ లేకపోతే స్పీకర్లలో ఎడమకీ కుడికీ ఉన్న తేడా మాత్రమే మిగులుతుంది. రెండు వైపులా ఒకేలా ఉన్నది, అంటే గొంతు, దాదాపు కొట్టుకుపోతుంది. మిగిలిన ప్రతిధ్వని మీరు వింటున్నది. మీరు వైరు కొంచెం లాగినప్పుడు రేకు మళ్లీ ఎర్త్ భాగం మీదికి వస్తోంది, అందుకే గొంతు తిరిగొస్తోంది.

రెండు చివరలా రెండే గీతలు ఉన్న వైరు కొనండి. మరీ సన్న వైరు వద్దు, పిన్ దగ్గర రబ్బరు మెడ కాస్త పొడుగ్గా ఉన్నది చూడండి, విరిగేది ఎప్పుడూ అక్కడే. ఫోన్ కవరు లావుగా ఉంటే పిన్ పూర్తిగా లోపలికి దిగదు, దానివల్ల కూడా అచ్చం ఇలాగే అవుతుంది. కవరు తీసి ఒకసారి చూడండి.

బొబ్బిలి_వీణ:
మూడు గీతలే ఉన్నాయి!! ఇంట్లో ఇంకో వైరు ఉంది, రెండు గీతలది. పెట్టి చూశాను, గొంతు నిండుగా వచ్చింది. చాలా థ్యాంక్స్ తమ్ముడూ, ఫోను రిపేరుకి ఇచ్చేసేవాళ్లం.

నెల్లిమర్ల_నాని:
మేస్టారూ, మూడూ చేశాను. ఛార్జర్ పీకేస్తే మోత పూర్తిగా పోయింది. పవర్ బ్యాంక్‌తో కూడా లేదు, ఎంత తొక్కినా నిశ్శబ్దమే. వైరు ఒక్కటే ఉంచినప్పుడు కూడా ఏమీ లేదు. అంటే ఛార్జర్ పాడైందనుకోవాలా? వేరే ఛార్జర్ కొంటే పోతుందా?

ఆమదాలవలస_వైరింగ్:
ఛార్జర్ మార్చినా చాలా వరకు ఇదే మోత వస్తుంది బాబూ. తప్పు ఛార్జర్ ఒక్కదానిదే కాదు, ఎర్త్ రెండు దార్లలో వెళ్లడం వల్ల వచ్చింది. కొంచెం ఓపిగ్గా చదువు.

ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్, మనవాళ్లు డైనమో అంటారు, బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది. అప్పుడు వోల్టేజి 14 దాకా ఉంటుంది. అది పుట్టించేది ఏసీ కరెంటు, డయోడ్లు దాన్ని డీసీ చేస్తాయి, కానీ నున్నగా ఉండదు, పైన చిన్న చిన్న అలలు మిగిలిపోతాయి. ఇంజన్ వేగం పెరిగితే అలలు కూడా వేగం పెంచుకుంటాయి, నీకు వినిపించే గీ శబ్దం పైకి వెళ్లేది అందుకే. ఇప్పుడు నీ ప్లేయర్ సంగతి చూడు. ఛార్జర్ వైరు ద్వారా లైటర్ సాకెట్ ఎర్త్‌కి తగిలి ఉంది. ఆక్స్ వైరు ద్వారా స్టీరియో ఎర్త్‌కి తగిలి ఉంది. రెండూ బాడీ ఎర్తే కదా అంటావు. కానీ ఒకటి ఒక చోట బిగించారు, ఇంకోటి ఇంకో చోట, మధ్యలో రేకు, బోల్టులు, తుప్పు. ఆ రెండు చోట్ల మధ్య మిల్లీవోల్టుల్లో తేడా ఉంటుంది. ఆ తేడా వల్ల ఆక్స్ వైరు ఎర్త్‌లోంచి కరెంటు పారుతుంది, అదే వైరులో పాట కూడా ఉంది కాబట్టి యాంప్ రెండింటినీ కలిపి పెంచేస్తుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. పవర్ బ్యాంక్ పెట్టినప్పుడు రెండో ఎర్త్ దారి లేదు కాబట్టి మోత లేదు.

నీకు ఖర్చు లేని దారి ఆ పవర్ బ్యాంకే. ఇంట్లో ఛార్జ్ చేసుకుని కారులో దాంతోనే ప్లేయర్ నడుపు. దానికి ఎంత కరెంటు కావాలని, చిన్న పవర్ బ్యాంక్ అయినా శ్రీకాకుళం వెళ్లి రావడానికి మించి వస్తుంది. కారులోనే ఛార్జ్ అవ్వాలి అంటే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని దొరుకుతుంది, బొటనవేలంత డబ్బా, ఒక వైపు ఆక్స్ రంధ్రం, ఒక వైపు పిన్. దాన్ని ప్లేయర్‌కీ సెట్టుకీ మధ్య ఆక్స్ వైరులో పెట్టాలి, ఛార్జర్ వైపు కాదు. లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, ఎడమకొకటి కుడికొకటి. పాట అయస్కాంతం ద్వారా అవతలికి దాటుతుంది కానీ రాగి నుంచి రాగికి నేరుగా దారి ఉండదు, కాబట్టి ఆ కరెంటు పారదు. మరీ చౌకవాటిలో ట్రాన్స్‌ఫార్మర్ కోరు చిన్నది, ఊఫర్ బండిలో బేసు పలచబడిపోతుంది, గట్టిగా పెడితే చీదుతుంది. వయొలిన్‌కి, హరికథకి ఆ బెంగ తక్కువ.

ఇంకొక మాట, ఇది చదివే మిగతావాళ్లకి. ఛార్జర్ తీసేసినా మోత పోకపోతే అప్పుడు సెట్టు ఎర్త్ చూడాలి. వెనక నల్ల వైరు బాడీకి ఎక్కడ బిగించారో చూసి, అక్కడ పెయింటు గీకి, తుప్పు తీసి, పళ్ల వాషర్ వేసి బిగించండి. కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రపు గాలికి ఈ బోల్టులు తొందరగా పోతాయి. కొందరు మెకానిక్‌లు నల్ల వైరుని దగ్గర్లో దొరికిన ఏదో స్క్రూకి చుట్టేస్తారు, అది ప్లాస్టిక్‌లోకి వెళ్లిన స్క్రూనో, రేకులోకి వెళ్లిన స్క్రూనో కూడా చూడరు.

సిక్కోలు_సౌండ్:
మేస్టారు చెప్పింది అక్షరాలా నిజం. నాని గారి ఫోను సంగతి నేను చెప్తాను.

ఆపిల్ 2016లో ఐఫోన్ 7కి ఇయర్‌ఫోన్ రంధ్రం తీసేసింది, ఆ తర్వాత చాలా కంపెనీలు అదే బాట. టైప్-సి నుంచి ఆక్స్ రంధ్రానికి మారే చిన్న తోక వైరు ఒకటి వస్తుంది. అందులో రెండు రకాలు, బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఒక రకంలో లోపల వైరు తప్ప ఏమీ లేదు, ఫోనే పాటని మామూలు ధ్వని సిగ్నల్‌గా మార్చి టైప్-సి లోంచి పంపాలి. ఆ ఏర్పాటు లేని ఫోన్లు బోలెడు, వాటికి ఈ తోక పెడితే ఏమీ రాదు. రెండో రకంలో డ్యాక్ చిప్ ఉంటుంది, అంకెల్ని ధ్వనిగా మార్చే పని అదే చేసుకుంటుంది, ఇది దాదాపు అన్ని ఫోన్లకీ పనిచేస్తుంది. డబ్బా మీద డ్యాక్ అని రాసి ఉన్నదే అడగండి, కొనే ముందు షాపులోనే మీ ఫోనుకి పెట్టి వినండి.

వైర్లు వద్దు అంటే ఆక్స్‌లో గుచ్చే బ్లూటూత్ రిసీవర్ ఉంది. సొంత బ్యాటరీ ఉన్నది తీసుకోండి. కారు ఛార్జర్ మీద నడిచే రకానికి మళ్లీ ఆ గ్రౌండ్ లూప్ వచ్చే అవకాశం ఉంది. బ్లూటూత్‌లో పాట ఒక పద్ధతిలో వెళ్తుంది, ఫోన్ కాల్ ఇంకో పద్ధతిలో. కాల్ పద్ధతి మాటలు వినిపించడానికి మాత్రమే చేసింది, అందులో పాట పెడితే పాత టెలిఫోన్‌లో విన్నట్టుంటుంది. ఎవరికైనా అలా వినిపిస్తే ఫోను బ్లూటూత్ సెట్టింగులో మీడియా ఆడియో ఆన్‌లో ఉందో లేదో చూడండి.

వాల్యూమ్ గురించి కూడా. ప్లేయర్‌లో ముప్పావు దాకా పెట్టి, మిగతాది కారు సెట్టులో పెంచుకోండి. ప్లేయర్‌లో తక్కువ పెట్టి కారులో బాగా పెంచితే బుస కూడా పెరుగుతుంది. ప్లేయర్‌లో పూర్తిగా పెట్టేస్తే గట్టి స్వరం దగ్గర గొంతు చీలినట్టు వస్తుంది. మీరు ఆ వయొలిన్‌లో బాగా గట్టిగా వచ్చే చోటు ఒకటి ఎంచుకుని, అక్కడ శుభ్రంగా వినపడే వరకు సర్దుకోండి, ఇక మళ్లీ ముట్టుకోవద్దు.

సాలూరు_లారీ:
గురువులకి నమస్కారం. మాది లారీ. క్యాబిన్‌లో కారు స్టీరియో పెడదామని తెచ్చాను, బ్లూటూత్ ఉన్న సెట్టు. బండికి రెండు బ్యాటరీలు కదా, అందులో ఒక బ్యాటరీ మీంచి 12 వోల్టులు తీసుకుంటే సరిపోతుందని మా క్లీనర్ అంటున్నాడు. సాలూరులో చాలామంది అలాగే చేశారట. చెయ్యొచ్చా?

ఆమదాలవలస_వైరింగ్:
వద్దు బాబూ, దయచేసి అలా చెయ్యకు. లారీ వైరింగ్ 24 వోల్టులు, రెండు 12 వోల్టు బ్యాటరీలు వరసలో ఉంటాయి. ఒక్కదాని మీంచే సెట్టు నడిపితే ఆ బ్యాటరీ రోజూ ఎక్కువ ఖాళీ అవుతుంది. డైనమోకి ఆ సంగతి తెలియదు, రెండింటికీ కలిపి ఒకే కరెంటు తోస్తుంది. ఖాళీ అయిన బ్యాటరీ నిండేలోగా రెండోది పొంగిపోయి నీళ్లు ఎండిపోతాయి. కొన్నాళ్లకి రెండూ పోతాయి. పాట కోసం జత బ్యాటరీలు పోగొట్టుకోవడం ఏం లెక్క?

పొరపాటున పై బ్యాటరీ, అంటే నెగెటివ్ బాడీకి నేరుగా తగలని బ్యాటరీ మీంచి తీశావనుకో, సెట్టు నెగెటివ్ బాడీ కన్నా 12 వోల్టులు పైన ఉంటుంది. సెట్టు రేకు క్యాబిన్ ఇనుముకి తగిలిందంటే పెద్ద షార్ట్. 24 నుంచి 12కి దించే కన్వర్టర్ పెట్టు. సెట్టు వెనక ఫ్యూజ్ ఎన్ని ఆంపియర్లదో చూసి, అంతకు తగ్గని కన్వర్టర్ కొను. మామూలుగా 10 గానీ 15 గానీ ఉంటుంది. కన్వర్టర్ వేడెక్కుతుంది కాబట్టి గుడ్డల కింద, సీటు స్పాంజి పక్కన పెట్టకు, ఇనుప రేకుకి బిగించు.

రంగులు కూడా రాస్తున్నాను, బయట దొరికే సెట్లలో మామూలుగా ఇవే ఉంటాయి. పసుపు ఎప్పుడూ ఉండే కరెంటు, ఎరుపు తాళం తిప్పితే వచ్చే కరెంటు, నలుపు ఎర్త్. తెలుపు ముందు ఎడమ స్పీకరు, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల గీత ఉన్నది ఆ స్పీకరుకి మైనస్. ఆ మైనస్ వైర్లని బాడీకి తగిలించకూడదు, సెట్టు లోపలి ఐసీ చిప్ కాలిపోతుంది. బండి వైపు రంగులు వేరేగా ఉండొచ్చు, అక్కడ రంగు చూసి నమ్మకు, మల్టీమీటర్ పెట్టి చూడు. తాళం తీసిన ప్రతిసారీ సెట్టు స్టేషన్లు మర్చిపోతోందంటే చాలావరకు పసుపు, ఎరుపు తారుమారయ్యాయని అర్థం.

సాలూరు_లారీ:
నిన్ననే వైర్లు లాగడం మొదలెట్టాం, ఆపేశాను. కన్వర్టర్ తెచ్చాకే బిగిస్తాం. చాలా మేలు చేశారు.

బొబ్బిలి_వీణ:
మా అన్నయ్య జీపులో ఇంకా క్యాసెట్ డెక్కే ఉంది, ఆక్స్ కూడా లేదు. క్యాసెట్ ఆకారంలో వైరు వేలాడే వస్తువు ఒకటి చూశాను, అది పనిచేస్తుందా? రేడియో మోడ్యులేటర్ కన్నా మంచిదేనా?

సిక్కోలు_సౌండ్:
డెక్ తిరుగుతుంటే చక్కగా పనిచేస్తుంది అక్కా, నా చెవికి మోడ్యులేటర్ కన్నా చాలా మెరుగు. ఆ క్యాసెట్‌లో టేపు ఉండదు. టేపు ఉండాల్సిన చోట చిన్న అయస్కాంత తల ఉంటుంది, అది డెక్ తలకి ఎదురుగా ఆనుకుంటుంది. ఫోను నుంచి వచ్చిన పాట ఆ తలలో అయస్కాంతంగా మారి అవతలి తలలోకి దూకుతుంది. పళ్ల చక్రాలు తిరుగుతున్న చప్పుడు కొంచెం ఉంటుంది. ఆటో రివర్స్ డెక్ అయితే కొన్ని క్యాసెట్‌ని బయటికి తోసేస్తాయి, లేకపోతే పక్క మార్చేసి నిశ్శబ్దం అయిపోతాయి, అప్పుడు దిశ బటన్ నొక్కాలి. పెట్టేముందు దూదిని క్లీనింగ్ స్పిరిట్‌లో తడిపి డెక్ తల తుడవండి, గోధుమ రంగు మడ్డి ఎంత వస్తుందో చూస్తే మీకే తెలుస్తుంది. తల శుభ్రమయ్యాక వీణ మీటు కూడా విడిగా వినిపిస్తుంది.

నెల్లిమర్ల_నాని:
ఐసోలేటర్ తెచ్చి పెట్టాను. ఛార్జర్ ఉన్నా మోత లేదు, చెవి స్పీకరుకి ఆనిస్తే కూడా ఏమీ లేదు. నాన్నగారు చీపురుపల్లి వెళ్లేదాకా కచేరీ మొత్తం విన్నారు, ఎక్కడా ఆపమనలేదు. ఫోనుకి డ్యాక్ ఉన్న తోక షాపులోనే పెట్టి చూసి తీసుకున్నాను, మొదట ఇచ్చింది పలకలేదు, రెండోది పలికింది. మేస్టారికీ, సౌండ్ అన్నకీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియట్లేదు.

పలాస_ట్యాక్సీ:
ఇదంతా చదివాక నా రెండో బండి సంగతి కూడా అడిగేస్తాను. దానికి యూఎస్‌బీ ఉంది. పాత పెన్‌డ్రైవ్ చదువుతుంది, కొత్తగా కొన్న 64 జీబీది పెడితే ఎర్రర్ అంటుంది. పాతదాంట్లో కూడా పాటలు నేను పెట్టిన వరసలో రావు, భక్తి పాటల మధ్యలో సినిమా పాట వచ్చేస్తుంది, పొద్దున్నే అరసవల్లి వెళ్లే ప్యాసింజర్ల ముందు ఇబ్బందిగా ఉంటోంది.

సిక్కోలు_సౌండ్:
పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు అమర్చే పద్ధతులు రకరకాలు అన్నా, కొత్త 64 జీబీవి సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో వస్తాయి, పాత స్టీరియోలు చాలావరకు ఫ్యాట్32 అనేది ఒక్కటే చదువుతాయి. విండోస్‌లో రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ అంటే 32 జీబీకి మించిన వాటికి మామూలుగా ఫ్యాట్32 చూపించదు, అందుకని 32 జీబీ లేదా 16 జీబీ పెన్‌డ్రైవే తీసుకోండి, పాటలకి అది చాలా ఎక్కువ. ఫైళ్లు ఎంపీ3లోనే ఉంచండి.

వరస గురించి. చాలా సెట్లు పేరు చూడవు, పెన్‌డ్రైవ్‌లోకి ఏ ఫైలు ముందు ఎక్కిందో ఆ వరసలోనే పాడతాయి. మొత్తం ఒకేసారి లాగి వదిలితే కంప్యూటర్ తనకి తోచిన వరసలో ఎక్కిస్తుంది. డ్రైవ్ ఖాళీ చేసి ఫార్మాట్ చేయండి, ముందు భక్తి ఫోల్డరు ఎక్కించండి, అది పూర్తయ్యాక సినిమా ఫోల్డరు. ఫోల్డరులోనూ పాటల పేర్ల ముందు 001, 002 అని పెట్టి వరసగా ఎక్కిస్తే, పేరు చూసే సెట్టైనా ఎక్కిన వరస చూసే సెట్టైనా ఒకేలా పాడుతుంది. అలాగే సెట్టు మీద ఫోల్డర్ రిపీట్ బటన్ ఉంటుంది, అది నొక్కితే భక్తి ఫోల్డరు దాటి బయటికి రాదు.

పలాస_ట్యాక్సీ:
ఫోల్డర్ రిపీట్ బటన్ ఉంది, ఇన్నాళ్లూ అది దేనికో తెలియలేదు. పెన్‌డ్రైవ్ రేపు కాశీబుగ్గలో తీసుకుంటాను.